రియల్ స్ట్రింగ్స్ అని అమ్మిన కీబోర్డ్ వెనక్కి తీసుకోం అంటున్నారు, ఏం చేయాలి?

ప్రశ్న: మాది ఖమ్మం. ప్రైవేట్ స్కూల్లో పాటలు నేర్పుతా, ఇంట్లో ల్యాప్‌టాప్ మీద సొంతంగా భక్తి పాటలు రికార్డ్ చేసుకుంటా. ఆన్‌లైన్‌లో 18,500 పెట్టి కీబోర్డ్ కొన్నాను. పేజీలో "అసలు వయొలిన్ లాంటి స్ట్రింగ్స్, టచ్ రెస్పాన్స్ ఉంది" అని రాశారు. వచ్చాక చూస్తే గట్టిగా నొక్కినా మెల్లగా నొక్కినా ఒకటే సౌండు, స్ట్రింగ్స్ పెడితే హార్మోనియంలా ఉంది. సెల్లర్ని అడిగితే బాక్స్ ఓపెన్ చేశారు కాబట్టి రిటర్న్ లేదంటున్నాడు, పైగా యూట్యూబ్‌లో పెడతారు కాబట్టి మీరు వినియోగదారుడే కాదంటున్నాడు. ఫ్రెండ్ ఒకతను పెన్‌డ్రైవ్‌లో స్ట్రింగ్స్ లైబ్రరీ (కంప్యూటర్‌లో వాడే వయొలిన్ లాంటి సౌండ్ల సాఫ్ట్‌వేర్) ఇస్తానంటున్నాడు, వాడొచ్చా? ఇంకోటి కొనాలంటే ఏం చూసుకోవాలి?

జవాబు: మీరు రాసినదాంట్లో రెండు ఫిర్యాదులు కలిసిపోయాయండి, ముందు వాటిని విడదీసుకోవాలి. "అసలు వయొలిన్‌లా లేదు" అనేది ఒకటి, "టచ్ రెస్పాన్స్ ఉందన్నారు, లేదు" అనేది రెండోది. మొదటిది పట్టుకుని వెళ్తే కేసు నిలబడటం కష్టం, ఎందుకంటే అది వినేవాళ్ల చెవిని బట్టి ఉంటుంది, అవతలి లాయర్ లేచి "మా కస్టమర్లు చాలామందికి నచ్చింది సార్" అంటాడు, అక్కడితో మీ వాదన పలచబడిపోతుంది. రెండోది అలా కాదు, ఉందా లేదా అంతే. మీ నోటీసు, ఫిర్యాదు మొత్తం ఆ రెండోదాని మీదే కట్టండి, స్ట్రింగ్స్ సంగతి దానికి తోడుగా మాత్రమే రాయండి.

ఆ రెండూ నిజానికి సంబంధం ఉన్నవే. వయొలిన్ వాయించేవాళ్లు స్వరం మోగుతుండగానే కమాను ఒత్తిడి పెంచుతారు, తగ్గిస్తారు, ప్రాణమంతా అక్కడే ఉంటుంది. కీబోర్డ్‌లో ఒకసారి మీట నొక్కాక చేతిలో ఏమీ ఉండదు, అందుకే ఎంత గట్టిగా నొక్కాం అన్నది కనిపెట్టే టచ్ రెస్పాన్స్, నొక్కాక కూడా సౌండుని మార్చే మాడ్యులేషన్ చక్రం గానీ ఎక్స్‌ప్రెషన్ పెడల్ గానీ ఉంటేనే స్ట్రింగ్స్ కాస్త ఊపిరి పోసుకుంటాయి. టచ్ లేని కీబోర్డ్‌లో అవి హార్మోనియంలా వినిపించడానికి ఒక ముఖ్య కారణం అదే. ఈ ముక్క మీ ఫిర్యాదులో రాయండి, లేని ఫీచర్ వల్ల మీకు ఏం నష్టం జరిగిందో జిల్లా వినియోగదారుల కమిషన్‌కి అర్థమవుతుంది.

నోటీసుకి ముందు ఒక పని చేయండి. చాలా కీబోర్డ్‌లలో టచ్‌ని ఆన్, ఆఫ్ చేసే సెట్టింగ్ ఉంటుంది, ఫంక్షన్ మెనూలో చూడండి, ఆఫ్‌లో ఉంటే ఆన్ చేయండి. ఆర్గన్ లాంటి టోన్లు టచ్ ఉన్న కీబోర్డ్‌లో కూడా ఒకటే లెవెల్లో మోగుతాయి కాబట్టి పియానో టోన్ పెట్టి చూడండి. అప్పటికీ తేడా లేకపోతే హెడ్‌ఫోన్ సాకెట్ నుంచి ల్యాప్‌టాప్‌లోకి కలిపి ఒకే మీటని మెల్లగా ఒకసారి, గట్టిగా ఒకసారి నొక్కి రికార్డ్ చేయండి, టచ్ లేకపోతే స్క్రీన్ మీద రెండు సౌండ్ల గీతలూ ఒకే ఎత్తులో కనిపిస్తాయి, దాన్ని స్క్రీన్‌షాట్ తీయండి, వేళ్లు కనిపించేలా ఫోన్లో వీడియో కూడా తీసుకోండి. కీబోర్డ్‌తో వచ్చిన మాన్యువల్‌లో చివరి పేజీల్లో స్పెసిఫికేషన్ పట్టిక ఉంటుంది, అందులో టచ్ రెస్పాన్స్ లేదని ఉంటే మీ కేసు సగం గెలిచినట్టే, ఎందుకంటే తయారీదారు లేదంటున్నాడు, అమ్మినవాడు ఉందన్నాడు, ఇంక ల్యాబ్ పరీక్షతో పని లేదు. చట్టం ప్రకారం ఫిర్యాదుని 3 నెలల్లో, పరీక్ష అవసరమైతే 5 నెలల్లో తేల్చడానికి ప్రయత్నించాలి, ఆచరణలో అంతకంటే ఎక్కువే పడుతోంది, అందుకే పరీక్ష లేకుండా నడిచే కేసుగా తయారుచేసుకోవడం మంచిది. అమ్మకపు పేజీ స్క్రీన్‌షాట్ ఈరోజే తీసి పెట్టుకోండి, గొడవ మొదలయ్యాక ఆ పేజీలు మారిపోతుంటాయి.

ఇక "బాక్స్ ఓపెన్ చేశారు" అన్నమాట. వాయించి చూడకుండా టచ్ ఉందో లేదో ఎవరికైనా ఎలా తెలుస్తుంది? 2020 ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం ప్రకటనలో చెప్పిన ఫీచర్లు వస్తువులో లేకపోతే సెల్లర్ వెనక్కి తీసుకోను, డబ్బు ఇవ్వను అనడానికి వీల్లేదు. లేని నాణ్యత ఉందని చెప్పి అమ్మడం 2019 వినియోగదారుల రక్షణ చట్టం సెక్షన్ 2(47) కింద అనుచిత వ్యాపార పద్ధతి. ప్లాట్‌ఫామ్ వాళ్లు, అంటే మీరు కొన్న వెబ్‌సైట్ వాళ్లు కూడా "సెల్లర్‌తో మాట్లాడుకోండి" అని తప్పించుకోలేరు, వాళ్ల గ్రీవెన్స్ ఆఫీసర్ (ఫిర్యాదులు చూసే అధికారి) మీ ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో చెప్పాలి, నెలలోపు పరిష్కరించాలి. ఫోన్లో మాట్లాడి వదిలేయకుండా మెయిల్‌లో రాయండి.

వినియోగదారుడు కాదు అన్న మాట విని మీరు భయపడాల్సిన పనే లేదు. వ్యాపారం కోసం కొన్నవాళ్లని చట్టం బయట పెట్టింది నిజమే, కానీ సొంతంగా పనిచేసుకుని పొట్ట పోసుకోవడానికి కొనుక్కుంటే అది వ్యాపారం కిందకి రాదని సెక్షన్ 2(7) వివరణలోనే ఉంది, సుప్రీంకోర్టు 1995లో లక్ష్మీ ఇంజనీరింగ్ కేసులో కూడా ఇదే చెప్పింది. మీరు ఇంట్లో ఒక్కరే పాటలు చేసుకుంటున్నారు, యూట్యూబ్ నుంచి నాలుగు రూపాయలు వచ్చినా మీరు వినియోగదారుడే. మనుషుల్ని పెట్టుకుని గంటల లెక్కన అద్దెకిచ్చే స్టూడియో నడిపేవాళ్లకైతే ఈ పాయింట్ దగ్గర ఇబ్బంది వస్తుంది.

ముందు 1915కి ఫోన్ చేసి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు నమోదు చేయండి, చాలా సెల్లర్లు అక్కడే దారికొస్తారు. రాకపోతే 15 రోజుల గడువుతో స్పీడ్ పోస్ట్‌లో నోటీసు, ఆ తర్వాత జిల్లా కమిషన్. సెల్లర్ ఢిల్లీలో ఉన్నా బెంగళూరులో ఉన్నా మీరు ఖమ్మంలోనే వేయొచ్చు, 5 లక్షల లోపు కొనుగోలుకి ఫీజు లేదు, లాయర్ లేకుండా మీరే వాదించుకోవచ్చు. కొన్న డబ్బు, వడ్డీ, మానసిక వేదనకి పరిహారం, ఖర్చులు అడగండి, కానీ 18,500 వస్తువుకి 10 లక్షలు అడిగితే మీ మాట మీదే నమ్మకం పోతుంది, దయచేసి అలా చేయొద్దు. గడువు 2 ఏళ్లు, అంతదాకా కూర్చోకండి. ఈలోపు ఆ కీబోర్డ్‌ని అమ్మకండి, రిపేర్‌కి ఇవ్వకండి, బాక్సు కూడా పారేయకండి.

పెన్‌డ్రైవ్ లైబ్రరీ మాత్రం వద్దు, ఇది గట్టిగా చెప్తున్నా. అలా చేతులు మారేవి ఎక్కువగా క్రాక్ కాపీలే, అంటే లైసెన్స్ లేని దొంగ కాపీలు; అలాంటిదని తెలిసి కంప్యూటర్‌లో సాఫ్ట్‌వేర్ వాడితే కాపీరైట్ చట్టం సెక్షన్ 63బి కింద 7 రోజుల నుంచి 3 ఏళ్ల దాకా జైలు, 50 వేల నుంచి 2 లక్షల దాకా జరిమానా ఉంది. చక్కగా పాడే పిల్లలు, చర్చిల్లో భజనల్లో వాయించేవాళ్లు ఇలాంటి కాపీలతో పాటలు చేసి, చేతిలో లైసెన్స్ లేక తర్వాత ఎవరికీ అమ్ముకోలేని పరిస్థితి తెచ్చుకుంటున్నారు, నాకు నిజంగా బాధేస్తుంది. ఉచితంగా చట్టబద్ధంగా దొరికేవి ఉన్నాయి, స్పిట్‌ఫైర్ ఆడియో అనే కంపెనీ ల్యాబ్స్ లైబ్రరీలో స్ట్రింగ్స్ ఉచితమే, లైసెన్స్ చదివి దాన్ని సేవ్ చేసి పెట్టుకోండి. మీ బాణీ మీదే, కీబోర్డ్ టోన్‌తో వాయించినంత మాత్రాన కంపెనీకి దాని మీద హక్కు రాదు, కాకపోతే ఆ టోన్లని విడదీసి శాంపిల్ ప్యాక్‌గా (వేరేవాళ్లు వాడుకునే సౌండ్ల మూటగా) అమ్మకూడదు, లోపల ఉన్న డెమో పాటని మీ పాటగా వాడకూడదు.

కొత్తది కొనేటప్పుడు కూడా పైన చెప్పిన సూత్రమే, చెక్ చేయగలిగినవి మాత్రమే నమ్మండి. మోడల్ నంబర్‌లో ఒక అంకె తేడాతో కథ మారిపోతుంది. యమహా పీఎస్ఆర్-ఈ273కి టచ్ రెస్పాన్స్ లేదు, ఒకేసారి మోగే స్వరాలు 32, ఈ373కి టచ్ ఉంది, 48 స్వరాలు, కంప్యూటర్‌కి కలిపే యూఎస్‌బీ ఉంది, ఈ473కి 64. క్యాసియోలో సీటీ-ఎస్200కి టచ్ లేదు, ఎస్300కి ఉంది. స్ట్రింగ్స్‌లో కార్డ్స్ (ఒకేసారి నొక్కే మూడు నాలుగు స్వరాలు) వాయిస్తూ పెడల్ నొక్కి పట్టుకుంటే స్వరాలు ఒకదాని మీద ఒకటి పేరుకుంటాయి కాబట్టి ఒకేసారి మోగే స్వరాల సంఖ్య మీకు ముఖ్యం. అసలు మీకు ల్యాప్‌టాప్ ఉంది కదా, నా ఉద్దేశంలో టచ్, యూఎస్‌బీ ఉన్న మామూలు కీబోర్డ్ తీసుకుని స్ట్రింగ్స్ సౌండు లైబ్రరీ నుంచి తెచ్చుకోవడమే తక్కువ ఖర్చులో మెరుగు. కొనేముందు సెల్లర్‌కి చాట్‌లో పూర్తి మోడల్ నంబర్ రాసి "దీనికి టచ్ రెస్పాన్స్ ఉందా, కంప్యూటర్‌కి యూఎస్‌బీ ఉందా" అని అడిగి, జవాబు వచ్చాకే డబ్బు కట్టండి. ఎవరో వాడినది నేరుగా ఒక వ్యక్తి దగ్గర కొంటే వినియోగదారుల కమిషన్ దాకా వెళ్లడం కుదరదు, సివిల్ కోర్టుకే వెళ్లాలి, అందుకని అలాంటిదైతే ఇంటికెళ్లి అన్ని మీటలూ నొక్కి చూసి, మోడల్, సీరియల్ నంబర్, ఇచ్చిన డబ్బు రాసి ఇద్దరూ సంతకాలు పెట్టిన కాగితం ఒకటి తీసుకోండి.