వాగు పక్క ముంపు పొలంలో జామాయిల్

ప్రశ్న: వాగు పక్కన మూడెకరాలుంది. అక్టోబరు, నవంబరు వానలకు రెండు వారాలు నీళ్లు నిలుస్తాయి, కాస్త చౌడు కూడా. జామాయిల్‌లో కమాల్డులెన్సిస్ ముంపుకు ఆగుతుందంటున్నారు. నిజమేనా? నర్సరీలో ఇచ్చేది అదేనని గుర్తుపట్టేదెలా?
– ఓ రైతు, ప్రకాశం జిల్లా

జవాబు: నిజమే, కానీ అది ముదురు చెట్టు సంగతి. దీని పుట్టిల్లు ఆస్ట్రేలియా. అక్కడ ముర్రే, డార్లింగ్ నదుల ఒడ్డున వరద పారే పల్లాల్లో తనంతట తాను పెరుగుతుంది. వారాల తరబడి నీళ్లలో నిలబడుతుంది. వరద తీశాక లోతుకు దిగిన వేళ్లతో భూగర్భ జలం తాగి ఎండాకాలం గట్టెక్కుతుంది. కరువుకు ఆగడంలో కిటుకు ఇదే. అందుకే బావికి, బోరుకు దగ్గర్లో మాత్రం వేయకండి. కొద్దిపాటి చౌడును ఓర్చుకుంటుంది. సున్నం ఎక్కువున్న నేలలో లేతాకులు పసుపెక్కి ఎదుగుదల ఆగుతుంది కనుక ముందు మట్టి పరీక్ష చేయించండి.

లేత మొక్కకు ఆ ఓపిక లేదు, కొన దాకా మునిగితే చచ్చిపోతుంది. 3 మీటర్లకో కట్ట, అడుగున్నర ఎత్తున తోలి, కట్ట మీద 2 మీటర్లకో మొక్క పెట్టండి. ఎకరాకు సుమారు 670 పడతాయి. తొలకరికే నాటి తడులిస్తే ముంపు వచ్చేసరికి ఎత్తందుకుంటాయి. పాలిథిన్ సంచి పూర్తిగా తీసేయాలి. లేకుంటే వేళ్లు చుట్ట చుట్టుకుని, రెండో ఏడు గాలివానకు చెట్టు పడిపోతుంది.

నారు ఆకు చూసి జాతి చెప్పడం కష్టం. తల్లి చెట్టు మొగ్గ చూడాలి. జామాయిల్‌లోనే మరో జాతి టెరెటికార్నిస్. దాని మొగ్గ మీది టోపీ కొమ్ములా పొడవుగా ఉంటుంది. కమాల్డులెన్సిస్‌లో పొట్టి, కొసన పిట్ట ముక్కులాంటి మొన. ఉత్తర ఆస్ట్రేలియా రకాల్లో ఆ మొన కూడా లేక గుండ్రంగా ఉంటుంది కాబట్టి గింజ కూడా చూడండి. కమాల్డులెన్సిస్ గింజ పసుపు, టెరెటికార్నిస్ గింజ ముదురు గోధుమ లేదా నలుపు. మన పొలాల్లో ఈ రెండూ కలిసిపోయిన సంకరాలెక్కువ. వాటి గింజతో పెంచిన నారు ఒక్క తీరుగా ఎదగదు. మీ నేలకు సరిపడే క్లోన్లు (గింజతో కాక, ఒకే మంచి చెట్టు కొమ్మల నుంచి పెంచిన మొక్కలు) రెండు మూడు రకాలు తీసుకోవడమే మేలు. ఒకటే వేస్తే, తెగులొస్తే తోటంతా పోతుంది.

కమాల్డులెన్సిస్‌కు పెద్ద బలహీనత బుడిపెల పురుగు. మిల్లీమీటరు పైచిలుకు ఉండే కందిరీగ లేతాకు నడి ఈనెలో, తొడిమలో గుడ్లు పెడుతుంది. ఆకుపచ్చగా మొదలైన బుడిపె గులాబీ రంగుకు తిరుగుతుంది. పిల్ల పురుగు లోపల ఉంటుంది గనుక పైన కొట్టే మందు సరిగా అందదు. ఆకు తిప్పి చూసి, ఈనె మీద ఒక్క బుడిపె కనిపించినా ఆ నారు వెనక్కి ఇచ్చేయండి.