రికార్డ్ నొక్కగానే ప్రివ్యూ ఆగిపోవడం, ఎంపీ4 తెరుచుకోకపోవడం: సమాధానం

మీ క్యూట్ (Qt, అప్లికేషన్లు తయారుచేసే సాధనం) అప్లికేషన్‌లో కెమెరా ఆర్‌టీఎస్‌పీ స్ట్రీమ్ (నెట్‌వర్క్ మీద నేరుగా వచ్చే వీడియో) బాగానే కనిపిస్తోంది, రికార్డ్ నొక్కితే బొమ్మ బిగుసుకుపోతోంది, సేవ్ అయిన ఎంపీ4 ఏ ప్లేయర్‌లోనూ తెరుచుకోవట్లేదు అన్నారు కదండీ. ఇవి రెండు వేర్వేరు సమస్యలు.

బిగుసుకుపోవడానికి కారణం మీ జీస్ట్రీమర్ పైప్‌లైన్‌లో (వీడియోను దశలవారీగా నడిపించే వరుసలో) 'టీ' తర్వాత 'క్యూ' లేకపోవడం. టీ అంటే వీడియోను ప్రివ్యూ, రికార్డింగ్ అని రెండు శాఖలుగా చీల్చే భాగం, క్యూ అంటే డేటాను కాసేపు వరుసలో ఉంచే భాగం. క్యూ పెడితేనే ఒక్కో శాఖకు సొంత థ్రెడ్ (విడిగా నడిచే పని) వస్తుంది. లేకపోతే ఒక శాఖ ఆగిన చోటే రెండోదీ ఆగుతుంది. రెండు శాఖల్లోనూ పెట్టండి. టీని హెచ్264 పార్సర్ (కుదించిన వీడియోను ఫ్రేములుగా విడదీసేది) తర్వాతే, డీకోడర్‌కు (దాన్ని బొమ్మలుగా విప్పేది) ముందే ఉంచండి. అప్పుడు రికార్డింగ్‌కు మళ్లీ ఎన్‌కోడ్ చేసే పని ఉండదు, సీపీయూ హాయిగా ఉంటుంది.

ఫైల్ సంగతి ఇంకా ముఖ్యం. ఎంపీ4లో ఏ ఫ్రేమ్ ఎక్కడుందో చెప్పే 'మూవ్' (moov) సూచిక మామూలుగా చివర్లో రాస్తారు. మీరు స్టాప్ నొక్కగానే పైప్‌లైన్‌ను నల్ (NULL, పూర్తిగా ఆపేసిన) స్థితికి తీసుకెళ్తున్నారు, కాబట్టి ఆ సూచిక రాయనేలేదు. రికార్డింగ్ ఒక్కటే ఆపాలంటే టీ నుంచి రికార్డింగ్ శాఖకు వెళ్లే ప్యాడ్‌ను (డేటా బయటికొచ్చే ద్వారాన్ని) ప్రోబ్‌తో (దానికి తగిలించే ఫంక్షన్‌తో) బ్లాక్ చేసి, లింకు తీసేసి, ఆ శాఖలోని క్యూకు ఈఓఎస్ (డేటా అయిపోయిందనే సంకేతం) పంపండి. అది ఫైల్‌సింక్ (ఫైల్‌లోకి రాసే చివరి భాగం) దాకా చేరాకే ఆ శాఖను తొలగించండి. నేనూ ఇక్కడే రెండు రాత్రులు పోగొట్టుకున్నాను.

కరెంటు పోయే చోటయితే ఎంపీ4కు బదులు మట్రోస్కా (ఎంకేవీ) మక్సర్ (వీడియోను ఫైల్ రూపంలో పేర్చే భాగం) వాడండి, సగంలో ఆగినా అప్పటిదాకా రాసింది చాలావరకు ప్లే అవుతుంది. గంటల తరబడి రికార్డింగ్ అయితే రికార్డింగ్‌ను ముక్కలుగా వేర్వేరు ఫైళ్లలో రాసే స్ప్లిట్‌మక్స్‌సింక్ మంచిది. అందులో ఒక్కో ముక్క సమయం నానోసెకన్లలో ఇవ్వాలి: పది నిమిషాలకు 600000000000.