ఆదివారం రాత్రి ఆ పని కంప్యూటర్‌కే అప్పగించండి

ప్రశ్న: సార్, మాది జిరాక్స్, డీటీపీ షాపు. కస్టమర్ల పెన్‌డ్రైవ్‌లు పెట్టీ పెట్టీ మూడు కంప్యూటర్లకూ వైరస్ పట్టింది. ఫోల్డర్లు షార్ట్‌కట్లయిపోతున్నాయి. ఆన్ చేసి టీ తాగొచ్చినా కంప్యూటర్లు తెరుచుకోవు. ప్రతిసారీ మెకానిక్‌ను పిలవలేక చస్తున్నాం. క్లీనింగ్ దానంతటదే జరిగే దారుందా? తెలిసినాయన ఏదో స్క్రిప్టు పెన్‌డ్రైవ్‌లో తెచ్చిస్తానంటున్నారు.
– ఒక పాఠకుడు, చిక్కడపల్లి

జవాబు: దారుంది. ముందు హార్డ్‌డిస్క్ చూడండి. క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రాంలో పసుపు రంగు కనిపిస్తే స్క్రిప్టుల (వరసగా పనులు చేసే ఆదేశాల ఫైళ్ల) జోలికి పోవద్దు. గంటల తరబడి స్కాన్ పెడితే కొనఊపిరితో ఉన్న డిస్క్ కాస్తా పోతుంది. ఫైళ్లు బయటికి తీసుకుని, సికింద్రాబాద్‌లో కంప్యూటర్ షాపులుండే సీటీసీకి వెళ్లి ఎస్‌ఎస్‌డీ (హార్డ్‌డిస్క్ కంటే వేగమైన డిస్క్) వేయించండి. స్పీడు సమస్య చాలావరకు అక్కడే తీరుతుంది.

డిస్క్ బాగుంటే మొదట విండోస్‌తోనే వచ్చే యాంటీవైరస్ డిఫెండర్‌లో ఆఫ్‌లైన్ స్కాన్ పెట్టండి. విండోస్ నడుస్తుండగా దాక్కునే వైరస్‌లు దీనికి దొరుకుతాయి. సిస్టమ్ రీస్టార్ట్ అవుతుంది కాబట్టి దీన్ని విడిగానే చేయాలి.

మిగతాది రెండు లైన్ల బ్యాచ్ ఫైలు, అంటే ఆదేశాలు రాసిపెట్టుకునే చిన్న ఫైలు. అందులో విండోస్‌ను బాగుచేసే ఆదేశాలు రెండు: మొదట డిస్మ్ రీస్టోర్‌హెల్త్, తర్వాత ఎస్‌ఎఫ్‌సీ స్కాన్‌నౌ. వరస మార్చకండి. పాడైన సిస్టమ్ ఫైలు స్థానంలో ఎస్‌ఎఫ్‌సీ పెట్టే మంచి కాపీ విండోస్ సొంత నిల్వలోంచే వస్తుంది. ఆ నిల్వను బాగుచేసేది డిస్మ్. దానికి నెట్ ఉండాలి. చెప్పిన టైముకు పనులు నడిపే విండోస్ టాస్క్ షెడ్యూలర్‌లో ఈ ఫైలును ఆదివారం రాత్రికి పెట్టి, 'హయ్యెస్ట్ ప్రివిలేజెస్' టిక్ చేయండి. అది మరిచిపోతే ఏ పనీ జరగదు.

చెత్త ఫైళ్లకు విండోస్ సెట్టింగ్స్‌లోని స్టోరేజ్ సెన్స్ చాలు. అందులో 'డౌన్‌లోడ్స్' మాత్రం 'నెవర్' మీదే ఉంచండి. మీలాంటి షాపుల్లో పెళ్లికార్డుల ప్రూఫులు, అప్లికేషన్ పీడీఎఫ్‌లు అన్నీ అందులోనే పడుంటాయి! విండోస్ సెట్టింగుల పట్టికను శుభ్రం చేస్తామనే రిజిస్ట్రీ క్లీనర్లు నా లెక్కలో దండగ.

మీ తెలిసినాయన తెస్తానన్న స్క్రిప్టు, కంప్యూటర్‌ను మొత్తంగా శుభ్రం చేసే ట్రాన్ లాంటిదైతే మంచిదే, కానీ వారంవారం నడిపేది కాదు. గంటలు పడుతుంది, కంపెనీ వేసిచ్చిన అదనపు ప్రోగ్రాములనూ పీకేస్తుంది. వాడాలనుకుంటే అసలు సైటు నుంచే దించుకోండి, పెన్‌డ్రైవ్‌లో వచ్చింది వద్దు.

షార్ట్‌కట్ల గొడవలో ఫైళ్లు పోవు, హిడెన్ అవుతాయంతే. ఆ షార్ట్‌కట్‌ను నొక్కితేనే వైరస్ మళ్లీ నడుస్తుంది. కాబట్టి కంగారులో ఫార్మాట్ కొట్టకండి. ముందు స్కాన్ చేసి, తర్వాత ఫైళ్లకున్న హిడెన్ టిక్ తీసేయండి. కస్టమర్ల పెన్‌డ్రైవ్‌లకు ఒక్క కంప్యూటర్‌నే కేటాయించండి, అందులో షాపు లెక్కలు, బ్యాంకు పనులు పెట్టుకోకండి.