అల్లుడూ, ఆ కవరు తీసి కారు బయటికి తియ్

అల్లుడూ,

మొన్న హన్మకొండలో అక్క దగ్గరికి వెళ్తే షెడ్డులో నీ పోర్షే కనబడింది. కనబడింది అనకూడదేమో, దాని మీద కవరు కనబడింది, కవరు మీద వేలు దిగేంత దుమ్ము, ఆ దుమ్ములో పిల్లి అడుగులు. ఏందక్కా ఇది అంటే "వాడు బయటికి తియ్యొద్దన్నాడు, రేటు పెరిగాక అమ్ముతాడట" అంది. రాత్రి నువ్వు ఫోన్లో అడిగావు కదా, ఉంచాలా నడపాలా చెప్పు మామా అని. ఫోన్లో చెప్తే సగం వింటావు, అందుకే రాస్తున్నా. ములుగు రోడ్డులో ముప్పై ఏళ్లు మెకానిక్ షెడ్డు నడిపినవాణ్ణి, బండ్లు ఎట్లా బతుకుతాయో ఎట్లా చస్తాయో కొంచెం తెలుసు.

ముందు నువ్వు పంపిన ఆ వీడియో సంగతి. మెక్‌లారెన్ ఎఫ్1 అనే కారు, 2021లో అమెరికాలో పెబుల్ బీచ్ వేలంలో 2 కోట్ల డాలర్లు దాటి పోయింది, మీటరు మీద 400 కిలోమీటర్లు కూడా లేవు. నిజమే. కానీ ఆ కారు రేసు బండ్లతో కలిపి లోకం మొత్తంలో చేసింది 106. కొత్తగా ఉన్నప్పుడే కోటీశ్వరులు కూడా ఆలోచించి కొన్న బండి. దాన్ని చూసి నీ కారు కవరు కింద పెడితే ఎట్లా బిడ్డా? నీది 2018 మోడల్ 718 కేమన్, రెండు లీటర్ల టర్బో, నాలుగు సిలిండర్లు, ఆటోమేటిక్ గేరుబాక్సు. మంచి బండి, అందులో అనుమానం లేదు, ఇంజన్ సరిగ్గా వీపు వెనకాలే ఉంటుంది కాబట్టి మలుపులో అది తిరిగే తీరే వేరు. కానీ పోర్షేల్లో జనం ఎగబడి రేటు పెంచేవి ఏవో చూడు: 1998 దాకా వచ్చిన గాలితో చల్లబడే ఇంజన్ 911లు, తక్కువ సంఖ్యలో చేసినవి, చేత్తో గేరు వేసేవి. కేమన్‌లలో కూడా వెతికేది జీటీ4 లాంటి వాటిని. నీది ఆ లైన్‌లో లేదు.

పెట్రోల్ 718 తయారీ ఆగిపోయింది, కాబట్టి పెరుగుతుంది అంటావు. అల్లుడూ, మారుతి ఎస్టీమ్ కూడా ఆగిపోయింది, ఎవడన్నా ఎక్కువ డబ్బులిచ్చి కొంటున్నాడా? ఆగిపోవడం వేరు, దొరక్కపోవడం వేరు. యమహా ఆర్‌ఎక్స్ 100 బైకు ఆగింది 1996లో. ఇప్పుడు దానికి పలికే రేటు చూసి అందరూ నోరు తెరుస్తారు గానీ, మధ్యలో పదిహేనేళ్లు దాన్ని పాలవాళ్లు క్యాన్లు కట్టుకుని తిప్పారు, ఆ మాట ఎవరూ చెప్పరు.

లెక్క చూద్దాం. నువ్వు పెట్టింది 55 లక్షలు. అదే బ్యాంకులో 7 శాతానికి వేసి మర్చిపోతే పదేళ్లకు దాదాపు కోటి ఎనిమిది లక్షలు. అంటే పదేళ్ల తర్వాత నీ కారు కోటి పది పలికినా నువ్వు గెలిచినట్టు కాదు, ఎందుకంటే మధ్యలో ఏడాదికోసారి ఇన్సూరెన్సు, సర్వీసు, బ్యాటరీలు, టైర్లు నీ జేబులోంచే. 2033కి పదిహేనేళ్లు నిండుతాయి, ఫిట్‌నెస్ చేయించి రిజిస్ట్రేషన్ రెన్యూవల్ చేసుకోవాలి, ఆ తేదీ దగ్గరికొచ్చేకొద్దీ కొనేవాడు బేరం గట్టిగా ఆడతాడు. వేరే రాష్ట్రంవాడు కొంటే అక్కడ మళ్లీ లైఫ్ ట్యాక్స్, అదీ నీ రేటులోంచే కోస్తాడు. సొంతానికి వాడుకునే కారు మీద నష్టం వస్తే పన్ను లెక్కల్లో చూపించుకునే వీలు కూడా లేదు. షేర్లలో పోతే కనీసం ఆ సౌకర్యం ఉంది.

ఇక అసలు మాట. నా ఆర్‌డీ 350, ఆ రాజ్‌దూత్ బైకు, నీకు గుర్తుందా? చిన్నప్పుడు ట్యాంకు మీద కూర్చోబెట్టి భద్రకాళి చెరువు కట్ట దాకా తిప్పేవాణ్ణి, నువ్వు సైలెన్సర్ శబ్దానికి చెవులు మూసుకునేవాడివి. అది ఇండియాలో ఆరేడేళ్లే తయారైంది, 1983లో మొదలైంది. 2009లో ఎవరో చెప్పారు దాని రేటు పెరుగుతుంది దాచిపెట్టు అని, నేనూ నీలాగే మంచి టార్పాలిన్ కప్పి వెనక గదిలో పెట్టా. నెలకోసారి తుడిచేవాణ్ణి. పైన తుడిస్తే లోపల ఏం జరుగుతుందో తెలుస్తుందా? ఆరేళ్లకు హైదరాబాద్ నుంచి ఒకాయన కొనడానికి వచ్చాడు, కిక్కు కొడితే రాయి మీద కాలు పెట్టినట్టు, కదలదు. పిస్టన్ రింగులు సిలిండర్‌కి పట్టుకుపోయాయి. ట్యాంకు లోపల తుప్పు, కార్బొరేటర్‌లో పెట్రోలు ఎండి జిగురైంది, క్రాంక్ సీళ్లు అప్పడాల్లా గట్టిపడ్డాయి, వైరింగ్ ఎలకలు తినేశాయి. ఆయన సగం ధర చెప్పి నిలబడ్డాడు. ఒరిజినల్ సామాను దొరక్క నేనూ ఇచ్చేశా. అదే ఏడాది మా కాజీపేట దోస్తు తన ఆర్‌డీని, ప్రతి ఆదివారం తిప్పినదాన్ని, నాకంటే రెట్టింపుకి అమ్మాడు. మెకానిక్‌ని అయ్యుండి నేను చేసిన పని అది, ఇప్పటికీ మీ అత్త ఎత్తిపొడుస్తది.

నీ కారు అంతకంటే సున్నితం. ఇప్పుడు పెట్రోల్లో 20 శాతం ఇథనాల్ ఉంటుంది, అది గాలిలో తేమ లాక్కుంటుంది, నిలబడ్డ ట్యాంకులో ఆ తేమ చేరుతుంది. బ్రేక్ ఆయిల్ కూడా అంతే, తిప్పినా తిప్పకపోయినా రెండేళ్లకోసారి మార్చాల్సిందే. మన ఎండలు 44, 45కి పోతాయి, రేకుల షెడ్డు కింద రబ్బరు సీళ్లు ఏం కావాలి? ఇంకో సంగతి, 2023 జూలైలో నయీంనగర్ నాలా పొంగినప్పుడు ఇళ్లల్లోకి నీళ్లు ఎట్లా వచ్చాయో చూశావు. నీ కారు నేలకి జానెడు ఎత్తులో కూడా లేదు. ఇంజన్‌లోకి నీళ్లు పోయినప్పుడు మామూలు పాలసీ సరిపోదు, ఇంజన్ ప్రొటెక్షన్ విడిగా తీసుకున్నావో లేదో ఈరోజే చూడు.

నువ్వు వారానికోసారి అక్కతో స్టార్ట్ చేయించి ఐదు నిమిషాలు వదిలేయిస్తున్నావట. అది మానేయ్. ఇంజన్ పూర్తిగా వేడెక్కకుండా ఆపితే తేమ, కాలని పెట్రోలు ఆయిల్లోనే ఉండిపోతాయి, అంతకంటే ముట్టుకోకపోవడమే నయం. పదిహేను రోజులకోసారి కనీసం నలభై నిమిషాలు రోడ్డు మీద తిప్పాలి, ఆయిల్ బాగా కాగాలి. నిలబెట్టేటప్పుడు ట్యాంకు నింపి పెట్టు, బ్యాటరీకి చిన్న చార్జర్ తగిలించు. ఎలకలకి బోనే దిక్కు, పొగాకు కట్టలు పెట్టి చూశా, మా ఎలకలు వాటికి అలవాటు పడ్డాయి.

నడుపు అన్నా కదా అని వరంగల్ హైవే ఎక్కి యాక్సిలేటర్ అదిమితే ఊరుకోను. పొద్దున ఐదున్నరకి బయలుదేరి ములుగు మీదుగా రామప్ప దాకా పో, టిఫిన్ వేళకి ఇంట్లో ఉంటావు. ఊళ్ల దగ్గర స్పీడ్ బ్రేకర్ల మీద నేరుగా ఎక్కకు, పక్కవాటంగా ఒక్కో చక్రం ఎక్కించు. కోతల కాలంలో మరీ పైలం, రోడ్డు సగం మేర వడ్లు ఆరబోస్తారు, రాత్రి నల్ల పట్టా కప్పి చుట్టూ రాళ్లు పెడతారు, ఆ రాయి చీకట్లో నీ లైట్లకి కనబడేసరికి బంపర్ కింద ఉంటది. వెనక లైటు లేని ట్రాక్టర్ల సంగతి నీకు కొత్తగా చెప్పేదేముంది. మేడారం జాతర రోజుల్లో అటు వైపే చూడకు.

అమ్మాలి అనిపిస్తే ఇప్పుడే అమ్మెయ్, నాకేం అభ్యంతరం లేదు, ఆ డబ్బు ఎక్కడన్నా వేసుకో. ఉంచుకుంటే మాత్రం నడపడానికే ఉంచుకో, పోయే డబ్బు సినిమాకి పోయినట్టు అనుకో. సర్వీసు బిల్లులన్నీ ఒక ఫైల్లో పెట్టు, రేపు కొనేవాడు మీటరు కంటే ముందు అవే అడుగుతాడు.

అన్నట్టు కవరు ఎత్తి టైర్లు చూశా. పక్కన నాలుగంకెలు ఉంటాయి, మొదటి రెండు వారం, తర్వాతి రెండు ఏడాది. నీవి 1718, అంటే 2018లో పదిహేడో వారం, కారుతో వచ్చినవే. అరుగుదల లేదు గానీ అంచుల్లో సన్నగా పగుళ్లు వచ్చాయి, ఒకచోటే నిలబడి కింద చదునయ్యాయి కూడా. నాలుగూ మార్చేదాకా గేటు దాటించకు. టైర్లు రాగానే ఫోన్ చెయ్, మొదటిసారి రామప్పకి నేనూ వస్తా, కాకపోతే అంత కింద సీట్లోంచి నన్ను లేపే పూచీ నీది.

మీ మామ