అరుదైన వంశపారంపర్య కిడ్నీ వ్యాధులపై పరిశోధన: బైపీసీ తర్వాత ఉన్న దారులు

ప్రశ్న: మా అబ్బాయికి పదకొండేళ్లు. చిన్నతనం నుంచీ కిడ్నీలో రాళ్లు వస్తూనే ఉన్నాయి. నిరుడు జన్యు పరీక్ష చేయిస్తే ప్రైమరీ హైపర్‌ఆక్సలూరియా మొదటి రకం అని తేలింది. మాది మేనరికం. పెద్దమ్మాయి ఇంటర్ బైపీసీ రెండో సంవత్సరంలో ఉంది. తమ్ముడి జబ్బు మీదే పరిశోధన చేస్తానని పట్టుబడుతోంది. అందుకు ఎంబీబీఎస్ తప్పనిసరా? నీట్‌లో సీటు రాకపోతే మరో దారి ఉందా? ఏడాది క్లినికల్ రీసెర్చ్ డిప్లొమా చేస్తే వెంటనే ఉద్యోగం ఖాయమని ఒక సంస్థవారు చెబుతున్నారు. చేర్పించమంటారా?
– ఒక తండ్రి, గుంటూరు జిల్లా

జవాబు: చదువు సంగతికి వచ్చేముందు మిమ్మల్ని ఒక మాట అడగాలి. మీ అమ్మాయికి కూడా ఈ వ్యాధి పరీక్షలు చేయించారా? మీ ఉత్తరంలో ఆ ప్రస్తావన లేదు. తల్లిదండ్రులిద్దరిలోనూ ఈ వ్యాధికి మూలమైన ఏజీఎక్స్‌టీ అనే జన్యువు ఒక్కో ప్రతి దెబ్బతిని ఉన్నప్పుడు, పుట్టే ప్రతి బిడ్డకూ, ఆడైనా మగైనా, ఈ వ్యాధి రావడానికి నాలుగింట ఒక వంతు అవకాశం ఉంటుంది. ఒకే ఇంట్లో ఒకే లోపమున్న ఇద్దరు పిల్లల్లో ఒకరికి చిన్నప్పుడే రాళ్లు పడి, రెండోవారికి పెద్దయ్యేదాకా ఏ లక్షణమూ కనిపించకపోవడం ఈ వ్యాధిలో ఉన్నదే. నేను వైద్యుణ్ణి కాను. మీ నెఫ్రాలజిస్టు (కిడ్నీ వైద్యుడు) ఈపాటికే చెప్పి ఉండవచ్చు కూడా. చెప్పకపోతే మాత్రం ఈసారి వెళ్లినప్పుడు మీరే అడగండి. ఆమెకు వ్యాధి లేదని తేలినా, లోపమున్న జన్యువును మోస్తూ ఉండటానికి మూడింట రెండు వంతుల అవకాశం ఉంటుంది. దానివల్ల ఆమె ఆరోగ్యానికి ఇబ్బంది లేదు గానీ, రేపు ఆమెకు కూడా మేనరికం మాట వచ్చినప్పుడు అది అందరికీ తెలిసి ఉండవలసిన సంగతి.

ఇక ఆమె చేయాలనుకుంటున్న పని ఎలాంటిదో మీ ఇంట్లో ఉన్న వ్యాధి ఆధారంగానే వివరిస్తాను. హైపర్‌ఆక్సలూరియాలో తప్పు కాలేయానిది, దెబ్బ కిడ్నీకి. కాలేయంలో ఒక ఎంజైము లోపించడం వల్ల ఆక్సలేటు మితిమీరి తయారై, మూత్రపిండాల్లో కాల్షియంతో కలిసి రాళ్లుగా పేరుకుంటుంది. లోపం ఆ ఎంజైములోనే ఉందని లండన్‌లో క్రిస్టఫర్ డాన్‌ప్యూర్, ఆయన సహచరులు 1986లో కనుగొన్నారు. కారణం తెలిసిన తర్వాత కూడా చాలా ఏళ్లపాటు వైద్యుల చేతిలో ఉన్నవి నీళ్లు బాగా తాగించడం, కొందరికి మాత్రమే పనిచేసే బి6 విటమిను, చివరికి డయాలసిస్, కాలేయ మార్పిడి, కిడ్నీ మార్పిడి. ఈలోగా దీనితో ఏ సంబంధమూ లేని చోట, సన్నని పురుగుల మీద చేసిన ప్రయోగాల్లో, ఒక జన్యువు నోరు నొక్కే, అంటే దాని పని జరగకుండా ఆపే, పద్ధతిని ఆండ్రూ ఫైర్, క్రెయిగ్ మెల్లో 1998లో ప్రకటించారు. అదే పద్ధతిలో తయారైన లుమాసిరాన్ అనే ఇంజెక్షన్‌కు 2020 నవంబరులో యూరప్, అమెరికా అనుమతి ఇచ్చాయి. కారణం తెలిసిన నాటి నుంచి మందు వచ్చేదాకా 34 ఏళ్లు పట్టింది. మీ అమ్మాయి ఎంచుకుంటున్న రంగంలో కాలం ఇలా నడుస్తుంది.

ఆ మందుకు అనుమతి తెచ్చిన ప్రధాన ట్రయల్‌లో (రోగులపై మందును పరీక్షించే అధ్యయనంలో) పాల్గొన్నవారు 39 మంది. అందరూ ఆరేళ్లు, అంతకు పైబడినవారు. వారిలో 26 మందికి మందు, 13 మందికి మందు లేని ఉత్తుత్తి ఇంజెక్షన్ ఇచ్చి ఆరు నెలలు చూశారు. మందు తీసుకున్నవారి మూత్రంలో ఆక్సలేటు సగటున సుమారు 65 శాతం తగ్గింది. ఆరేళ్లలోపు పిల్లల కోసం విడిగా జరిపిన ట్రయల్‌లో ఉన్నది 18 మంది. అందులో ఉత్తుత్తి మందు ఎవరికీ ఇవ్వలేదు. బీపీకో మధుమేహానికో కొత్త మందు పరీక్షించేటప్పుడు వేలమందిని తీసుకుంటారు. ఇక్కడ అనేక దేశాలు గాలించినా దొరికేది పదుల సంఖ్యలోనే. కాబట్టి ఈ రంగంలో ఒక్క రోగి మధ్యలో మానుకున్నా, ఒక్క నమూనా పాడైనా, ఆ నష్టం మొత్తం ఫలితం మీద పడుతుంది.

నేను ఈ అంకెలు ఎందుకు చెబుతున్నానో మీకు వెంటనే అర్థమవుతుంది, ఎందుకంటే మీ ఇంట్లో 24 గంటల మూత్రం పట్టిన అనుభవం తప్పకుండా ఉండి ఉంటుంది. ఉదయం లేవగానే వచ్చిన మొదటి మూత్రాన్ని వదిలేసి, ఆ తర్వాత మర్నాడు అదే వేళ వరకు వచ్చినదంతా, మర్నాటి మొదటి మూత్రంతో సహా, ఒకే డబ్బాలో పట్టాలి. బడికి వెళ్లే పిల్లవాడు మధ్యాహ్నం ఒక్కసారి మరిచిపోతే లెక్క తప్పుతుంది. సిగ్గుపడి చెప్పకపోతే తప్పిన లెక్కే నిజమైన లెక్కగా నమోదవుతుంది. పైన చెప్పిన ట్రయల్‌లో ప్రధానంగా కొలిచినది ఈ 24 గంటల మూత్రంలోని ఆక్సలేటునే. పిల్లవాడి తల్లికి మూత్రం ఎలా పట్టాలో చెప్పేవారు, పిల్లవాణ్ణి భయపెట్టకుండా నిజం రాబట్టేవారు, డబ్బాను వేళకు ల్యాబుకు చేర్చేవారు, అంకెను తప్పు లేకుండా నమోదు చేసేవారు లేకపోతే ఎంత గొప్ప ఆలోచనైనా మందుగా మారదు. ఆ పని చేసేవారిని క్లినికల్ రీసెర్చ్ కోఆర్డినేటర్లంటారు. చాలాచోట్ల వారు వైద్యులు కారు. నర్సింగో, ఫార్మసీయో, జీవశాస్త్రమో చదివినవారు. అక్కగా ఈ అనుభవాన్ని దగ్గరనుంచి చూసిన మీ అమ్మాయికి ఈ పనిలో పుస్తకాలు నేర్పలేని అవగాహన ఇప్పటికే ఉందని నేను నమ్ముతున్నాను.

మందుల ట్రయల్స్‌తో పాటు, వ్యాధి దానంతట అది ఎలా నడుస్తుందో ఏళ్ల తరబడి నమోదు చేసే రిజిస్ట్రీలు ఈ రంగానికి వెన్నెముక. బ్రిటన్‌లో అరుదైన కిడ్నీ వ్యాధుల జాతీయ రిజిస్ట్రీ 2010లో మొదలైంది. అందులోని 27,285 మంది వివరాలతో 2024లో లాన్సెట్ పత్రికలో ఒక అధ్యయనం వచ్చింది. దీర్ఘకాలిక కిడ్నీ జబ్బు ఉన్నవారిలో అరుదైన వ్యాధులవారు 5 నుంచి 10 శాతమే అయినా, డయాలసిస్ లేదా మార్పిడి దాకా వెళ్లినవారిలో వారు నాలుగో వంతుకు పైగా ఉన్నారు. పిల్లలు, యువకులు ఎక్కువగా నష్టపోయే వ్యాధులివి. మన దేశంలో ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) అరుదైన, వంశపారంపర్య వ్యాధులకు జాతీయ రిజిస్ట్రీ నడుపుతోంది. మేనరికాలు ఎక్కువగా ఉన్న మన రెండు రాష్ట్రాల కుటుంబాల వివరాలు ఇలాంటి వాటిలో ఎంత శ్రద్ధగా చేరితే ఇక్కడి పిల్లలకు అంత మేలు. (ఉద్దానం కిడ్నీ జబ్బు సంగతి వేరు. దానికి కారణం ఇంకా నిర్ధారణ కాలేదు. అమ్మాయి రెండింటినీ కలిపి చూడకుండా జాగ్రత్తపడాలి.)

ఇప్పుడు దారుల సంగతి. ట్రయల్‌కు బాధ్యత వహించే ప్రిన్సిపల్ ఇన్వెస్టిగేటర్ కావాలంటే, రోగికి మందు ఇచ్చే నిర్ణయం చేతిలో ఉండాలంటే, వైద్యవిద్య తప్పదు. ఇంటర్న్‌షిప్‌తో కలిపి ఎంబీబీఎస్ ఐదున్నరేళ్లు, జనరల్ మెడిసిన్‌లోనో పీడియాట్రిక్స్‌లోనో ఎండీ మూడేళ్లు, ఆపై నెఫ్రాలజీలో లేదా మెడికల్ జెనెటిక్స్‌లో డీఎం (సూపర్ స్పెషాలిటీ డిగ్రీ) మూడేళ్లు: మొత్తం పదకొండున్నరేళ్లు, మధ్యలో మరో రెండు ప్రవేశ పరీక్షలు. అమ్మాయికి చదువుమీద అంత పట్టు ఉంటే నీట్ రాయనివ్వండి, అవసరమైతే ఒక సంవత్సరం అదనంగా ఇవ్వండి. అయితే ఈ ఒక్క కోరిక కోసం పొలం అమ్మి యాజమాన్య కోటాలో సీటు కొనమని మాత్రం నేను చెప్పలేను. అబ్బాయి వైద్యానికి మీకు ముందుముందు డబ్బు అవసరం పడవచ్చు.

సీటు రాని పక్షంలో నేను ముందుగా చూపించే దారి జన్యుశాస్త్రం. జెనెటిక్స్‌తోనో బయోటెక్నాలజీతోనో డిగ్రీ, తర్వాత హ్యూమన్ జెనెటిక్స్ లేదా జెనెటిక్ కౌన్సెలింగ్‌లో ఎమ్మెస్సీ. కేంద్ర ప్రభుత్వ సైన్స్ విద్యాసంస్థ అయిన తిరుపతి ఐసర్‌లో బీఎస్-ఎంఎస్ ఐదేళ్ల కోర్సుకు బైపీసీ విద్యార్థులు కూడా ఐఏటీ అనే ప్రవేశ పరీక్ష రాయవచ్చు. ఎమ్మెస్సీ తర్వాత సీఎస్‌ఐఆర్ నెట్ అనే జాతీయ పరీక్ష ద్వారా ఫెలోషిప్ సంపాదిస్తే హైదరాబాద్‌లోని సీడీఎఫ్‌డీ, సీసీఎంబీ వంటి జీవశాస్త్ర పరిశోధన సంస్థల్లో పీహెచ్‌డీ చేసే వీలుంటుంది. ఈ దారికి నేను ఎందుకు మొగ్గుతున్నానంటే, వంశపారంపర్య కిడ్నీ వ్యాధుల్లో నిర్ధారణ చాలావరకు జన్యు పరీక్ష మీదే ఆధారపడి ఉంది, ఆ పరీక్ష నివేదికను సరిగా చదివేవారి కొరత ఉంది. జన్యువులో మార్పు కనిపిస్తుంది, అది జబ్బు తెచ్చేదా కాదా అన్నది చాలాసార్లు తేలదు. ప్రపంచ జన్యు సమాచారంలో భారతీయులది చాలాకాలం తక్కువగా ఉండటం దీనికి ఒక కారణం. జీనోమ్ ఇండియా ప్రాజెక్టులో సుమారు 10,000 మంది జన్యుక్రమాల సమాచారాన్ని 2025 జనవరిలో పరిశోధకులకు అందుబాటులోకి తెచ్చారు. దాన్ని ఉపయోగించి, ఒక తెలుగు కుటుంబంలో కనిపించిన మార్పుకు అర్థం చెప్పగలిగిన వ్యక్తి, ఆ అర్థాన్ని తెలుగులో ఆ కుటుంబానికి వివరించగలిగిన వ్యక్తి, ఈ రంగానికి ఎంతో అవసరం.

ఫార్మ్‌డీ (డాక్టర్ ఆఫ్ ఫార్మసీ) రెండో దారి. ఇంటర్ తర్వాత ఆరేళ్లు, చివరి ఏడాది ఇంటర్న్‌షిప్, ప్రవేశం ఈఏపీసెట్ ద్వారా. ఆస్పత్రి వార్డుల్లో శిక్షణ ఉంటుంది కనుక ట్రయల్ కోఆర్డినేటర్ పనికి బాగా సరిపోతుంది. కానీ ఇది చదివినవారిలో చాలామంది హైదరాబాద్ కంపెనీల్లో మందుల దుష్ప్రభావాల నివేదికలు, డేటా నిర్వహణ పనుల్లో చేరతారు. అవి గౌరవమైన ఉద్యోగాలే గానీ, అరుదైన కిడ్నీ వ్యాధి ఉన్న ఒక్క బిడ్డనైనా చూడకుండా ఏళ్లు గడిచిపోవచ్చు. కనుక కాలేజీ ఎంచుకునేటప్పుడు దానికి అనుబంధంగా ఉన్న ఆస్పత్రిలో నెఫ్రాలజీ విభాగం ఉందా, అక్కడ ట్రయల్స్ జరుగుతున్నాయా అన్నది చూడండి. క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీ ఆఫ్ ఇండియాలో ఏ ట్రయల్ ఏ ఆస్పత్రిలో జరుగుతోందో ఎవరైనా ఉచితంగా చూడవచ్చు. 2009 జూన్ నుంచి ట్రయల్స్‌ను అందులో నమోదు చేయడం తప్పనిసరి. బీఎస్సీ నర్సింగ్ కూడా మంచి దారే. గణాంకశాస్త్రానికి ఈ రంగంలో ఎంతో విలువ ఉన్నా, ఇంటర్లో గణితం లేనందువల్ల మీ అమ్మాయికి అది కష్టమవుతుంది.

డిప్లొమా విషయంలో నా అభిప్రాయం స్పష్టం: ఇంటర్ తర్వాత వెంటనే వద్దు. ఉద్యోగమిచ్చేవారు మొదట అడిగేది డిగ్రీ. డిప్లొమాలో నేర్పే గుడ్ క్లినికల్ ప్రాక్టీస్ (ట్రయల్స్‌ను పద్ధతిగా నడపడం) సూత్రాలు, 2019 నాటి కొత్త మందుల, క్లినికల్ ట్రయల్స్ నియమాలు డిగ్రీ చివర్లో కొద్ది వారాల్లో నేర్చుకోదగినవి. ఇలాగే ఇంటర్ కాగానే ఒక సంస్థలో పెద్ద మొత్తం కట్టి చేరిన ఒక విద్యార్థిని, ఏడాది తర్వాత మళ్లీ డిగ్రీ మొదటి సంవత్సరంలో చేరడానికి సలహా కోసం నా దగ్గరికి వచ్చింది. ఆ కుటుంబం పోగొట్టుకున్న సొమ్ము తలుచుకుంటే నాకు ఇప్పటికీ బాధగా ఉంటుంది.

మరొక విషయం అమ్మాయితో మీరే మాట్లాడండి. ఆమె ఏ దారిలో వెళ్లినా పరిశోధకురాలిగా స్థిరపడేసరికి తమ్ముడు పెద్దవాడైపోతాడు. అతని వైద్యం ఆమె చదువు కోసం ఆగకూడదు, అతన్ని నయం చేసే భారం తన మీదే ఉందని ఆమె అనుకోకూడదు. 2021 జాతీయ అరుదైన వ్యాధుల విధానం కింద హైదరాబాద్‌లో సీడీఎఫ్‌డీని, నిమ్స్‌ను కలిపి సెంటర్ ఆఫ్ ఎక్స్‌లెన్స్‌గా గుర్తించారు. ఆ విధానంలో చేరిన వ్యాధులకు ఇలాంటి కేంద్రాల ద్వారా 50 లక్షల రూపాయల వరకు సాయం అందుతుంది. మీ అబ్బాయి విషయంలో అది వర్తిస్తుందా, ఏదైనా ట్రయల్‌లో అతనికి చోటుందా అని అక్కడ అడగండి. ట్రయల్ ప్రస్తావన వస్తే మీ సంతకం ఒక్కటే చాలదు. ఐసీఎంఆర్ మార్గదర్శకాల ప్రకారం ఏడేళ్లు దాటిన పిల్లవాడి సమ్మతి కూడా నోటిమాటగా తీసుకోవాలి, పన్నెండేళ్లు దాటితే రాతపూర్వకంగా తీసుకోవాలి.

అక్కడికి వెళ్లే రోజు అమ్మాయిని కూడా వెంట తీసుకెళ్లండి. తన పరీక్ష గురించి, తమ్ముడి రిపోర్టులో రాసి ఉన్న జన్యు మార్పు గురించి ఆమె అడగాలనుకున్న ప్రశ్నలను ముందే ఒక కాగితం మీద రాసుకోమనండి. డాక్టరుగారి ముందు వాటిని ఆమెనే అడగనివ్వండి.