పిల్లల చేతికి గునుగు ఇవ్వు

బిడ్డా,

దసరా సెలవులకు పిల్లలిద్దరినీ ఏదన్నా క్యాంప్‌లో వేయనా అని నిన్న అడిగావు. నేను సగం చెప్పేలోపే చిన్నోడు ఏడుపు అందుకున్నాడు, అందుకే కూర్చుని రాస్తున్నాను. క్యాంప్ వద్దు. పెత్రమాస అమావాస్య నాడు ఎంగిలిపూల బతుకమ్మతో మొదలై సద్దుల బతుకమ్మ దాకా తొమ్మిది రోజులు, ఆ వెంటనే దసరా. ఏ రోజు ఏం చేయాలో మన పెద్దవాళ్ళు ఎప్పుడో పెట్టి వెళ్ళారు. అందులో పిల్లలకు చేతనయ్యే పని చూసి వాళ్ళకు అప్పజెప్తే చాలు.

ముందు పూల సంగతి. మార్కెట్లో పేర్చిన బతుకమ్మే దొరుకుతుంది. టైమ్ లేదని అది మాత్రం కొనకు. గునుగు, తంగేడు, బంతి విడిగా తెచ్చుకో. వీలైతే ఒక ఆదివారం పొద్దున్నే ఊరి బయటికి తీసుకెళ్ళు. బీడు భూముల్లో తంగేడు పసుపుపచ్చగా విరగబూసి ఉంటుంది, చేల గట్ల మీద గునుగు తెల్లగా ఊగుతుంటుంది. తంగేడు మన రాష్ట్ర పుష్పమని పెద్దది బడిలో బట్టీ పట్టింది కదా, ఆ కొమ్మను దాన్నే తుంచనీ.

పేర్చడం నువ్వు మరిచిపోయి ఉంటావు. గునుగుకు ఆకులు దూసేసి, కాడలు వేలెడు పొడవు ఉంచి కత్తిరించు. పది పన్నెండు పూలు తలలు సమానంగా చేర్చి దారంతో కట్టాలి. ఇది పెద్దదాని పని. కొన్ని కట్టలను రంగునీళ్ళలో ముంచి పేపర్ మీద ఆరబెట్టాలి. ముంచే పని చిన్నోడిది, పాత బనీను తొడుగు. రంగు దొరక్కపోయినా ఏం నష్టం లేదు, గునుగు దానంతటదే వెండిలా మెరుస్తుంది. నాకైతే రంగు వేయని వరసే ముద్దుగా ఉంటుంది.

తాంబాళం వద్దు, వాళ్ళు అన్నం తినే స్టీలు పళ్ళెం చాలు. గుమ్మడి ఆకులు పరిచి, చుట్టూ తంగేడు ఒక వరస, దాని మీద గునుగు, ఆపైన బంతి. పూలు బయటికి, కాడలు లోపలికి. ప్రతి వరసకూ నడుమ ఉన్న ఖాళీని కత్తిరించి పడేసిన కాడలూ ఆకులతో నింపి అరచేత్తో గట్టిగా అదమాలి. పిల్లలు మరిచిపోయేది ఇదే. నడుమ బోలుగా ఉంటే మూడో వరసకే పక్కకు ఒరుగుతుంది. ఐదు వరసలు చాలు. పైన గుమ్మడి పువ్వు, దాని మీద పసుపు గౌరమ్మ. పసుపు తడిపి ముద్ద చేయడం చిన్నోడికి ఇవ్వు.

ఒక్క మాట గట్టిగా చెప్తున్నాను. వాళ్ళు పేర్చింది ఎంత వంకరగా వచ్చినా నువ్వు ముట్టుకోకు. నీకు ఏడేళ్ళప్పుడు నీ బతుకమ్మ ఒక పక్కకు ఒరిగింది. నలుగురిలో బాగుండదని, నువ్వు స్నానానికి వెళ్ళినప్పుడు నేను విప్పి మళ్ళీ పేర్చాను. నువ్వు వచ్చి చూసి ఊరుకున్నావు. ఎత్తుకోమంటే "అది నాది కాదు" అన్నావు. ఆ సాయంత్రం అందరూ చప్పట్లు కొడుతూ తిరుగుతుంటే నువ్వు అరుగు మీద కూర్చున్నావు. నీకు గుర్తుందో లేదో గానీ నేను మరిచిపోలేదు.

ఇక తినేవి. అన్ని రోజుల నైవేద్యాలూ చేయాలని టెన్షన్ పడకు. రెండో రోజు అటుకులు, బెల్లం. నాలుగో రోజు నానబెట్టిన బియ్యం, పాలు, బెల్లం. వీటికి పొయ్యి అక్కర్లేదు, పిల్లలే కలుపుతారు. ఆరో రోజు అమ్మవారు అలిగిందని బతుకమ్మ పేర్చరు, నువ్వూ నడుం వాల్చు. ఏడో రోజు వేపకాయలు మాత్రం తప్పకుండా చేయించు. ఉప్పు వేసిన వేడినీళ్ళతో బియ్యప్పిండి కలిపి, గోరువెచ్చగా ఉన్నప్పుడే గోళీ అంత ముద్ద తీసి అరచేతుల మధ్య దొర్లిస్తే వేపకాయంత వస్తుంది. నాలుగేళ్ళవాడికి ఇంతకంటే మంచి ఆట లేదు. చేసినవి కాసేపు బట్ట మీద ఆరనివ్వు, తడిగా వేస్తే నూనెలో పేలతాయి. వేయించేటప్పుడు పిల్లల్ని వంటింట్లోకి రానివ్వకు.

సద్దుల నాడు మలీద. మందపాటి గోధుమ రొట్టెలు నాలుగు కాల్చి, వేడి మీదే తుంచి రోట్లో దంచి, అర కప్పు తురిమిన బెల్లం, రెండు చెంచాల నెయ్యి, కాస్త యాలకుల పొడి వేసి ముద్దలు కట్టండి. రొట్టె చల్లారితే బెల్లం పట్టదు, అందుకని బెల్లం ముందే తురిమించి పెట్టుకో.

మధ్యలో ఒక సాయంత్రం పచ్చి పల్లికాయ ఉప్పు వేసి ఉడికించు. ఒలుచుకుంటూ కూర్చుంటే టీవీ అడగరు. చిన్నోడికి మాత్రం గింజలు మెత్తగా నలిపి ఇవ్వు, గొంతులో పడే వయసు. పాలమూరు వైపు నుంచి బాలానగర్ సీతాఫలాలు వస్తుంటాయి. కళ్ళు విచ్చుకుని నడుమ గీతలు తెల్లబడినవి ఏరి బియ్యం డబ్బాలో పెట్టండి. రోజూ పొద్దున్నే ఏది మెత్తబడిందో నొక్కి చూసే డ్యూటీ వాడిది. గింజలు ఉమ్మేయడం నేర్పు, నమిలితే విషం.

దసరా నాడు పాలపిట్టను చూడాలని పిల్లలు అడుగుతారు. పొద్దున్నే చెరువు వైపో, పొలాల వైపో తీసుకెళ్ళు. కరెంటు తీగల మీద కూర్చుని ఉంటుంది, ఎగిరినప్పుడు రెక్కల్లో ఆ నీలం చూసి తీరాలి. కొందరు పిట్టను బోనులో పెట్టుకుని గుడి దగ్గర చూపించి డబ్బులు అడుగుతారు. రూపాయి కూడా ఇవ్వకు, ఆ పిట్టను పట్టడం చట్టరీత్యా నేరం. ఎందుకు ఇవ్వలేదో పెద్దదానికి అక్కడే చెప్పు. కనబడకపోతే కనబడలేదు, మళ్ళీ ఏడు చూస్తారు. సాయంత్రం జమ్మి ఆకు వాళ్ళ చేతికిచ్చి మీ అపార్ట్‌మెంట్‌లో పెద్దవాళ్ళందరికీ బంగారం పంచి రమ్మను. ఏ ఫ్లాట్‌లో ఎవరున్నారో నీకూ అప్పుడే తెలుస్తుంది.

సద్దుల ముందు రోజు బస్సుకు నేను వస్తున్నాను. గునుగు వాడిపోకుండా తడిగుడ్డలో చుట్టి తెస్తాను. నీ చిన్నప్పటి ఇత్తడి పళ్ళెం అటక మీంచి దింపి చింతపండుతో తోమి పెట్టాను. అది ఈసారి పెద్దదానికి.

అమ్మ