లిస్ట్ బి మైనర్ సొనాటా: ముందు ఎవరిది వినాలి?

లిస్ట్ (19వ శతాబ్దపు హంగేరియన్ స్వరకర్త) పియానోకి రాసిన పెద్ద రచన ఈ బి మైనర్ సొనాటా. దీన్ని ముందు ఎవరి రికార్డింగ్‌లో వినాలని ఒకరు అడిగారు: అందరూ పియానిస్ట్ మార్తా ఆర్గెరిచ్‌ది వినమన్నారు, విన్నాను, స్పీడ్ తప్ప ఏం బుర్రకెక్కలేదు అని. నాదీ అదే కేసు. ఆవిడ 1971 రికార్డింగ్‌ని తక్కువ చెయ్యట్లేదండి, కొన్ని చోట్ల ఒళ్ళు జలదరిస్తుంది, కానీ ముందు పియానిస్ట్ క్రిస్టియన్ జిమర్‌మన్‌ది వినండి, 1990లో డాయిచె గ్రామోఫోన్ అనే రికార్డు కంపెనీకి చేసింది.

ఎందుకంటే ఈ సొనాటా అరగంట ఆగకుండా సాగుతుంది గానీ అందులో ఉన్న సరుకు నాలుగైదు చిన్న ముక్కలే, వాటినే లిస్ట్ తిప్పి తిప్పి వాడతాడు. మొదట్లోనే ఎడమచేత్తో బాగా కింద ఒకే నోట్‌ని టకటకా కొట్టే ముక్క ఒకటుంది, కోపంగా వినిపిస్తుంది. తర్వాత పెద్ద ఆర్భాటంగా ఒక భాగం వచ్చి వెళ్ళాక అదే ముక్క కుడిచేతిలోకి వచ్చి నిదానంగా, పాటలా సాగుతుంది, మనవాళ్ళు ఒకే పల్లవికి సంగతులు మార్చినట్టు. అది పట్టుకుంటే సగం పని అయినట్టే. జిమర్‌మన్ అక్కడ అస్సలు తొందరపడడు, నాకు ఆ లింక్ దొరికింది ఆయన దగ్గరే, ఆర్గెరిచ్‌ది ఎన్నిసార్లు విన్నా దొరకలేదు.

తర్వాత హొరోవిట్జ్ 1932ది. సౌండ్ పాతది, గరగర ఉంటుంది, అప్పటి రికార్డుకి ఒక్కో వైపు నాలుగైదు నిమిషాలే పట్టేది కాబట్టి ముక్కలు ముక్కలుగా వాయించిందే, అయినా చివరి మూడోవంతులో ఫ్యూగ్ (ఒకే ట్యూన్‌ని ఒకదాని వెనక ఒకటి అందుకుంటూ వెళ్ళే భాగం) మొదలయ్యే చోట ఆ తేలిక, ఆ వెటకారం ఇంకెవరి దగ్గరా వినలేదు. 1970ల్లో మళ్ళీ చేశాడు, అది నాకెక్కలేదు.

ఆరావ్‌ది (1970, ఫిలిప్స్) బాగా నెమ్మది. ఆయన గురువు మార్టిన్ క్రౌజ స్వయానా లిస్ట్‌కి శిష్యుడు, అందుకని కొందరు ఇదే అసలైనదంటారు, నేనైతే అంత దూరం వెళ్ళను. కానీ చివరి పేజీకి మాత్రం ఆయనే. లిస్ట్ ముందు గట్టిగా దంచే ముగింపు రాసి, దాన్ని కొట్టేసి, మెత్తగా ముగిసేలా మార్చాడు, చాలామంది అక్కడికొచ్చేసరికి అలిసిపోయినట్టు వాయిస్తారు, ఆరావ్ అలా కాదు.

ఈ మూడూ అయ్యాక ఆర్గెరిచ్ దగ్గరికి వెళ్ళండి, అప్పుడా స్పీడ్‌లో ఏం జరుగుతోందో తెలుస్తుంది. ఫోన్ స్పీకర్ మాత్రం వద్దు, ఆ కింది నోట్స్ సగం వినబడవు. యూట్యూబ్ కూడా వద్దు, ఆగకుండా వాయించే దాని మధ్యలో షాంపూ యాడ్ వస్తే ఇంక ఏం వింటాం.